చెరకులోంచి ఇంటిదాకా

మా ఊళ్ళో చెరకు కొట్టే కాలమంతా బూడిద రాలుతూనే ఉంటుంది. కొట్టే ముందురోజు ఆకు తగలబెడతారు. ఆ ఆకు నల్లటి రేకులై గాల్లో తేలి, ఆరేసిన దుప్పట్ల మీద, చర్చి మెట్ల మీద, బడికి పోయే పిల్లల తెల్ల చొక్కాల మీద వచ్చి వాలుతుంది. మిల్లు గొట్టంలోంచి మాడిన బెల్లం వాసన వస్తుంది. బయటివాళ్ళు ముక్కు మూసుకుంటారు. మాకు ఆ వాసన లేకపోతే నిద్ర పట్టదు.

ఊరి పేరు ఎమోబేని. అంటే 'చెరకులో' అని. అంతకు ముందు మరో పేరుండేది, క్వాసొండేలా. ఇప్పుడు నీళ్ళ ట్యాంకు ఉన్న గుట్ట మీద మా రాజుగారి పటాలం గుడిసెలు గుండ్రంగా కట్టి ఉండేవట. నడుమ వెయ్యి పశువులు పట్టే దొడ్డి. ఇంగ్లీషు సిపాయిలు వచ్చి దాన్ని తగలబెట్టారు. ఆ బూడిదలో గడ్డి మొలిచింది. గడ్డిలోకి గొలుసులతో నేల కొలిచేవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే చెరకు వచ్చింది. మా ముత్తాతలు ఎక్కడి గుడిసెలో అక్కడే ఉన్నారు, కానీ ఒక పొద్దున లేచేసరికి తెల్లవాళ్ళ తోటలో కూలీలైపోయారు.

మా తాత జిబూసే జుంగు ఆ తోటల్లోనే పుట్టి, ఆ తోటల్లోనే చనిపోయాడు. చెరకుకి నిప్పు పెట్టినప్పుడు లోపల ఉండిపోయి, పొగకి ఊపిరాడక పోయాడు. కల్లు తాగి చెరకులో పడుకున్నాడని మేస్త్రీ చెప్పాడు. ఊరంతా అదే అనుకుంది. మా నాన్న వెలాఫి అప్పటికి నాలుగేళ్ళవాడు. ఆయన 'తాగుబోతు కొడుకు' అనిపించుకుంటూ పెరిగాడు. పెళ్ళిళ్ళలోనూ పండగల్లోనూ జొన్న కల్లు కుండ చేతులు మారుతూ ఆయన దగ్గరికొస్తే, ముట్టుకోకుండా పక్కవాడికి అందించేవాడు. మేకను కోసి పెద్దల పేర్లు పిలిచే రోజున ముత్తాత పేరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, తన తండ్రి పేరు దాటేసి ముందుకు పోయేవాడు. చిన్నప్పుడు మేమంతా ఆ ఆగడం కోసం ఎదురుచూసేవాళ్ళం.

మాలో ఎవరైనా ఇంటికి దూరంగా చనిపోతే, వాళ్ళ ఆత్మను వెళ్ళి తీసుకురావాలి. మా రేగు చెట్టు కొమ్మ ఒకటి పట్టుకుని, పోయినచోటికి వెళ్ళి, పిలిచి, దారి పొడుగునా ఎక్కడున్నామో చెబుతూ ఇంటికి నడిపించుకు రావాలి. కొమ్మ పట్టినవాళ్ళు పోయినవాళ్ళతో తప్ప బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు. తాత విషయంలో ఆ పని ఎవరూ చేయలేదు. తోట యజమాని గేటు తీయలేదని మొదట్లో చెప్పుకున్నారు. తరవాత మమ్మల్ని నది అవతలి కొండ మీదికి తరిమేశారు. తాతని పూడ్చినచోట కూడా చెరకు వేసేశారు. ఆ తరవాత, నిజం చెప్పాలంటే, నాన్నే వద్దన్నాడు.

మా మేనత్త ఖోంబిసిలేకి డెబ్భై నాలుగేళ్ళు వచ్చిన ఏడు, తాత ఆవిడ కలలోకి రావడం మొదలుపెట్టాడు.

"చెరకులో నిలబడ్డాడే," అంది నాతో, తన ఊరి నుంచి మా ఇంటికి వచ్చి. "మాట్లాడడు. చేత్తో ఆకులు పక్కకి తీస్తాడు. తీస్తే మళ్ళీ ఆకులే. నన్ను చూడడు కూడా. దారి వెతుక్కుంటున్నాడు, పాపం."

నాన్న పశువుల దొడ్డి కంచె బాగుచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"తాగి పడుకున్నవాణ్ణి ఎవరు లేపుతారు అక్కా? పడుకోనీ."

"నువ్వు రాకపోతే నేనే పట్టుకుంటాను కొమ్మ."

"ఆడవాళ్ళు పట్టకూడదు."

"ఆడదాన్నా నేను? అదెప్పుడో అయిపోయింది. ఇప్పుడు ముసలిదాన్ని. ముసలాళ్ళకి ఆడేంటి, మగేంటి?"

నాన్న నవ్వు ఆపుకోవడం నేను చూశాను. మేకు కొట్టడం ఆపి అన్నాడు. "ఇంటిదాకా తెస్తే గేటు తీస్తాను. మేకని కట్టేసి ఉంచుతాను. అంతవరకే. నన్ను ఇంకేం అడక్కు."

నేను మిల్లులో తూకం దగ్గర పనిచేస్తాను. ఏ తోట ఎప్పుడు కాలుస్తారో, ఎప్పుడు కొడతారో నా బల్ల మీదే రాసి ఉంటుంది. తాత పోయిన, ఆయన్ని పూడ్చిన గుట్టవార తోటని మాకు చలికాలమైన జూలైలో ఒక సోమవారం కాల్చి, గురువారంకల్లా కొట్టేస్తారని తెలిసింది. తోట కొత్త యజమానికి ఫోన్ చేశాను. కుర్రవాడు, మంచివాడే.

"అక్కడ సమాధులున్నట్టు కాగితాల్లో ఎక్కడా లేదే?" అన్నాడు.

"కాగితాల్లో మేమూ లేం సార్," అన్నాను.

"శుక్రవారం రండి. కావలివాడికి చెబుతాను," అన్నాడు.

శుక్రవారం పొద్దున అత్త పెట్టెలోంచి తన మంచి నల్ల దుప్పటి తీసి భుజాల మీద కప్పుకుంది. కొమ్మ కొత్త తెల్ల గుడ్డలో చుట్టి ఉంది. ఒక ముల్లు ముందుకి, ఒక ముల్లు వెనక్కి ఉండే కొమ్మ అది. మేం చేరేసరికి తోట మీద మంచు ఇంకా కదల్లేదు. కొట్టేసిన చెరకు మొదళ్ళు, మసి, తడి బూడిద. నాలుగడుగులు వేసేసరికి మా కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లబడ్డాయి. ఎటు చూసినా ఒకేలా ఉంది. ఒక రాయి లేదు, ఒక చెట్టు లేదు. అంత పెద్ద నేలలో ఒక మనిషిని పడుకోబెట్టిన ఆరడుగుల చోటు ఏదని వెతకడం?

"గుర్తేమైనా ఉందా అత్తా?"

"సముద్రం," అంది. "నాన్నని పూడుస్తుంటే మా అమ్మ తల పైకెత్తింది. నేనూ ఎత్తాను. రెండు గుట్టల మధ్య సముద్రం కనపడింది, ఇంత, చెంచా అంత. అడుగు అటు వేస్తే కనపడలేదు, ఇటు వేసినా కనపడలేదు. ఆ ఒక్కచోటే."

కావలివాడు పోండో మనిషి, దక్షిణం నుంచి పనికి వచ్చినవాడు. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని మా వెనకే నడుస్తున్నాడు. "సముద్రం ఎక్కడికి పోతుందిలే అమ్మా, ఉన్నచోటే ఉంటుంది. మంచే అడ్డం. కూర్చో కాసేపు."

"నేను కూర్చుంటే మళ్ళీ లేవను నాయనా. నడవనీ."

నడిచాం. ఆ నేల మీద నిలువెత్తు చెరకు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. అన్నేళ్ళు ఆకుల వెనక దాక్కున్న గుట్టలు ఒక్కొక్కటే బయటపడుతుంటే, పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి ముసుగు తీసినట్టు ఉంది. పొద్దెక్కింది. మంచు కిందికి జారి, లోయలో పాలు పొంగినట్టు కాసేపు నిలబడి, ఎటో పోయింది. అత్త ఒకచోట ఆగిపోయింది. అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ ముందుకు వేసింది.

"రా, ఇక్కడ నిలబడు," అంది నన్ను లాగి.

రెండు గుట్టల నడుమ సన్నగా, తళతళా మెరుస్తూ సముద్రం కనపడింది.

అత్త మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ విప్పి కొమ్మని నేలకి ఆనించింది. కావలివాడు టోపీ తీసి దూరంగా జరిగాడు.

"మంజీనీ," అని మా వంశం పేరుతో పిలిచింది. గొంతు చిన్నపిల్లదైపోయింది. "మంజీనీ! నాన్నా, నేను ఖోంబిసిలేని. నీ పెద్దకూతుర్ని. లే నాన్నా. ఇంటికెళ్దాం. ఆలస్యమైందని కోప్పడకు. లే."

గాలి లేదు. కొమ్మ కొసన ఉన్న రెండాకులు ఊగాయి. నేను చూసింది చెబుతున్నాను, అంతే. అత్త లేచింది. ఇక ఆ నిమిషం నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు.

దారంతా వెనకాలే నడిచాను. అత్త కొమ్మని పసిబిడ్డలా మోచేతి మడతలో పెట్టుకుని, వంగి, దానితో చెబుతూ నడిచింది.

"తోట దాటుతున్నాం నాన్నా. గేటు తీసే ఉంది, ఎవరూ ఆపడం లేదు చూడు. ఇది మిల్లు. నీ రోజుల్లో ఒకటే గొట్టం, ఇప్పుడు మూడు. ఆ కూత విని భయపడకు, పన్నెండింటి కూత అది. ఎడ్లబళ్ళు లేవు ఇప్పుడు, అన్నీ లారీలే. ఇదిగో వంతెన. మనం నడుం లోతు నీళ్ళలో దాటేవాళ్ళం, గుర్తుందా, నన్ను భుజం మీద కూచోబెట్టుకునేవాడివి. నీళ్ళు కింద ఉన్నాయి. పైన నడుద్దాం. నెమ్మదిగా."

ఊళ్ళోకి వచ్చాం. శుక్రవారం, వీధి నిండా జనం. కొమ్మని చూడగానే దారి ఇచ్చారు. వేపిన మొక్కజొన్న అమ్మేవాళ్ళు కేకలు ఆపారు. అప్పలసామి బట్టల దుకాణం ముందు పెద్దాయన తలుపుకి చేరబడి ఉన్నాడు. ఆయన తాతని కూడా ఈ చెరకు కోసమే ఓడలో తెచ్చారు. చేతులు జోడించి, మేం దాటేదాకా అలాగే నిలబడ్డాడు. బడి పిల్లలు గోడవారకి ఒదిగారు. అంతమందిలో అత్త మాట ఒక్కటే వినపడుతోంది.

"ఇది పెద్దవీధి నాన్నా. నిన్ను ఈ వీధిలో నడవనిచ్చేవాళ్ళు కాదు, పక్కకి దిగి కాలవ వెంట పోవాలి. ఇప్పుడు నడు. నడుమ నడు. అదిగో గుట్ట. మీ తాత నాట్యమాడిన చోట నీళ్ళ ట్యాంకు కట్టారు. మంచిదేలే, అందరూ తాగుతారు."

ట్యాక్సీ వ్యాన్లు ఆగేచోట సమ్‌కెలో అనే కుర్రవాడు మా కొండవైపు వెళ్ళే బండికి డ్రైవరు. "ఎన్ని సీట్లు అక్కా?" అని అడిగాడు నన్ను.

"మూడు."

ఇద్దరమే ఉన్నాం. కొమ్మని చూశాడు. రేడియో కట్టేశాడు. దిగి వచ్చి, జారుడు తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కండి తాతా. గుమ్మం ఎత్తుగా ఉంది, చూసుకోండి," అన్నాడు ఎవరూ లేనిచోటికి.

అత్త కిటికీ పక్కన కూర్చుంది. నడుమ సీటు ఖాళీగా ఉంచి ఇటుపక్క నేను కూర్చున్నాను. బండి నిండింది. ఇక కదులుతుందనగా కోడిని చంకన పెట్టుకుని మాగుమేడే పరిగెత్తుకొచ్చింది. సంతలో కూరగాయలు అమ్ముతుంది. లావు మనిషి, నోరు అంతకన్నా లావు.

"ఏయ్, అక్కడ ఖాళీ ఉందిగా! జరుగు పిల్లా, జరుగు. డబ్బున్నవాళ్ళలాగా కాళ్ళు బారజాపుకుని కూర్చుంటారు."

"ఖాళీ లేదు పిన్నీ," అన్నాను.

"నా కళ్ళు పోయాయంటావా? నా కోడి కూడా చూస్తోంది ఆ ఖాళీని!"

"అక్కడ పెద్దాయన కూర్చున్నాడు పిన్నీ," అన్నాడు సమ్‌కెలో అద్దంలోంచి చూస్తూ.

అప్పుడు కొమ్మ కనపడింది ఆవిడకి. కోడిని గట్టిగా నొక్కేసరికి అది కీచుమంది. "అయ్యో, క్షమించు నాన్నా," అంది ఖాళీ సీటుతో, మోకాళ్ళు వంచి. "మాది నోటి దురద వంశం. మీ ఊరివాళ్ళకి తెలుసు. నేను వెనక ఇరుక్కుంటాలే. కోడి నీ మీదికి రాకుండా చూసుకుంటా."

బండి అంతా మెత్తగా నవ్వింది. అత్త నవ్వలేదు. "మాగుమేడే ఆవిడ, నాన్నా," అని పరిచయం చేసింది. "నోరు పెద్దదేగాని మనసు మంచిది."

ఊరు దాటాక దారికి రెండువైపులా కొట్టని చెరకు గోడల్లా లేచింది. నీడ పచ్చగా బండిలోకి వచ్చింది. నీళ్ళ అడుగున పోతున్నట్టు ఉంది. అత్త కొమ్మని గుండెకి అదుముకుంది.

"భయపడకు నాన్నా. ఉత్త చెరకే. ఇవాళ ఎవరూ నిప్పు పెట్టరు. నేనున్నాగా."

అద్దం మీద ఆకుల నీడలు పాకుతున్నాయి. తరవాత అదే గొంతుతో, దారి చెబుతున్నంత మామూలుగా మొదలుపెట్టింది.

"నువ్వు తాగలేదు నాన్నా. నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. ఆ రోజు తమ్ముణ్ణి చూసుకోమని అమ్మ నాకు అప్పజెప్పింది. కాలవ ఒడ్డున అడవి నేరేళ్ళు పండాయి. వాణ్ణి గట్టు మీద కూచోబెట్టి పళ్ళకి పోయాను. వచ్చి చూస్తే వాడు లేడు. అవతల నిప్పు పెడుతున్నారు. నీ దగ్గరికి పరిగెత్తి, తమ్ముడు చెరకులోకి పోయాడని చెప్పాను. పళ్ళకి పోయానని చెప్పలేదు. నువ్వు నన్నేం అడగలేదు నాన్నా. కత్తి కింద పడేసి లోపలికి పోయావు. 'వెలాఫీ, వెలాఫీ' అని పిలుస్తూ పోయావు. కేక వినపడుతూనే ఉంది, వినపడుతూనే ఉంది, తరవాత నిప్పు చప్పుడే వినపడింది. తమ్ముడు చెరకులో లేడు. చెరకు మోసే బండి కింద నిద్రపోతున్నాడు, నోట్లో వేలు పెట్టుకుని."

అత్త కొమ్మని గుండె మీద సర్దుకుంది.

"మేస్త్రీ నువ్వు తాగి పడుకున్నావన్నాడు. లోపల మనిషున్నాడని నేను అరుస్తున్నా నిప్పు ఆపలేదు వాడు. తప్పు తన మీదికి రాకుండా అట్లా అన్నాడు. నేను కాదనలేదు. కాదంటే పళ్ళ సంగతి చెప్పాలిగా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. అమ్మ పోయింది. మేస్త్రీ పోయాడు. రేపు రాలేదు నాన్నా."

ఆవిడతో మాట్లాడడానికి మాకెవరికీ వీల్లేదు. వెనక మాగుమేడే ఏడుపు ఆపుకోలేక తల కోడి రెక్కల్లో దాచుకుంది. నా చెయ్యి అత్త వైపు జాపి, ఖాళీ సీటు మీదుగా పోవాలని తట్టి, వెనక్కి తీసుకున్నాను. సమ్‌కెలో బండిని నడిచే మనిషంత నెమ్మదిగా పోనిచ్చాడు. ఎవరో ఒకాయన దిగవలసిన మలుపు దాటిపోయింది. ఆయన ఆపమనలేదు. మమ్మల్ని దింపాక వెనక్కి నడిచి పోయాడు.

మా గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకున్నాడు. తెల్ల మేక గుంజకి కట్టి ఉంది. లోపల ధూపం వెలిగించారు.

అత్త గేటు ముందు ఆగింది.

"వచ్చేశాం నాన్నా. ఇది మన ఇల్లు. ఆ నిలబడ్డవాడు వెలాఫి. నీ కొడుకు. చూడు ఎంత ముసలాడైపోయాడో. వాడి కోసమే కదూ, వాడి పేరు పిలుస్తూ, నువ్వు నిప్పులోకి పోయావు. నువ్వు తాగలేదని వాడికి తెలీదు. నేను చెప్పలేదు. బండి కింద నిద్రపోతున్నవాడు వీడే. బతికాడు. నలుగురు పిల్లల తండ్రయ్యాడు."

నాన్న చెయ్యి గేటు గొళ్ళెం మీద ఉండిపోయింది. అత్త వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను తలూపాను. గొళ్ళెం తీయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అత్త తిన్నగా గుండ్రటి గుడిసెలోకి పోయి, వెనక గోడవార పెద్దల చోట కొమ్మని పెట్టింది. నాన్న చేయవలసిందంతా చేశాడు. మేకని కోశాడు. పేర్లు పిలిచాడు. ముత్తాత పేరు చెప్పాడు. ఆగాడు. "జిబూసే," అన్నాడు. ఆ పేరు ఆయన నోట్లో సరిగ్గా తిరగలేదు. మళ్ళీ అన్నాడు.

కల్లు కుండ, మాంసం అయ్యాక, బంధువులు ఎండలో సర్దుకుని కూర్చున్నాక, నాన్న అత్త ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడావిడ ఎవరితోనైనా మాట్లాడొచ్చు.

"అరవై మూడేళ్ళు అక్కా."

అత్త తల దించుకుంది.

"ఊళ్ళోవాళ్ళు తాగుబోతు కొడుకంటే నేను తిరగబడ్డానా? లేదు. నిజమే అనుకున్నా. నా నోటితో నేనే అన్నాను ఆయన్ని. నా పిల్లల ముందు అన్నాను. నన్ను పిలుస్తూ చచ్చిపోయినవాణ్ణి!"

"పదకొండేళ్ళ పిల్లని వెలాఫీ."

"డెబ్భై నాలుగొచ్చేదాకా పదకొండేళ్ళేనా?"

"కాదు," అంది అత్త. "అది నా తప్పే."

నాన్న కోటు విప్పి కంచె మీద వేసి పశువుల దొడ్డిలోకి పోయాడు. ఆ రోజు మళ్ళీ బయటికి రాలేదు.

అత్త తన ఊరు వెళ్ళిపోతానంది. వద్దని నేనే ఆపాను. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు ఒకే ప్రాంగణంలో, ఒకరి నీడ ఒకరు తొక్కకుండా తిరిగారు. అన్నం గిన్నెలు నేనే అటూ ఇటూ మోశాను. "మీ నాన్న తిన్నాడా?" అని ఆవిడ, "మీ అత్తకి చలి దుప్పటి ఇచ్చావా?" అని ఆయన నన్నే అడిగేవారు. మిల్లు కూత పొద్దునా సాయంత్రం కొండ దాకా వచ్చిపోయేది. ఎక్కడో ఎవరి తోటో కాలిన బూడిద మా ఇంటి దాకా తేలి వచ్చి, వాళ్ళిద్దరి మీదా సమంగా రాలేది.

ఆగస్టు గాలులు మొదలైన రోజు పొద్దున అత్త చాప మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. నాన్న వచ్చి ఆ చాప అంచున కూర్చున్నాడు. ఒక కాయ తీసుకుని ఒలిచాడు. ఇంకోటి ఒలిచాడు.

"ఎంత పొడుగుండేవాడు?" అన్నాడు గింజల్ని చూస్తూ.

అత్త వెంటనే చెప్పలేదు. చెబితే లేచి పోతాడేమోనని భయపడ్డట్టుంది. "మన గుడిసె గుమ్మంలోంచి వంగి రావాలి," అంది చివరికి. "నీకంటే పొడుగు. నడిస్తే కుడి భుజం కొంచెం దిగేది."

"గొంతు?"

"పశువుల్ని పిలిస్తే అవతలి గట్టు మీద వేరేవాళ్ళ పశువులు కూడా వచ్చేవి. పెద్ద గొడవలయ్యేవి."

నాన్న నవ్వాడు. నవ్వి, వెంటనే ముఖం చేత్తో కప్పుకున్నాడు. అత్త ఒలవడం మానలేదు.

ఆ రోజు నుంచి పొద్దునపూట వాళ్ళకదే పని. ఆయన ఒక ప్రశ్న అడుగుతాడు, ఆవిడ చెబుతుంది. తాత ఏం తినేవాడు, దేనికి కోపమొచ్చేది, నానమ్మని ఏమని పిలిచేవాడు. గుర్తులేనిచోట గుర్తులేదనేది. కల్పించి చెప్పమని ఆయనా అడగలేదు. నాన్న ఆ మాటలన్నీ ఏరుకుని, తాతకి బిరుదులు కట్టాడు. మా మగవాళ్ళకి ఎవరి బిరుదులు వాళ్ళకుంటాయి, పేరుతో పాటు పైకి చదివే పొగడ్తలు. తాతవి ఎవరికీ గుర్తులేకుండా పోయాయి కాబట్టి కొత్తవి కట్టాల్సి వచ్చింది. 'ఇతరుల మందని పిలిచేవాడా, అడగకుండా లోపలికి పోయేవాడా' అని మొదలయ్యేవి అవి. దొడ్డిలో ఒంటరిగా నిలబడి వాటిని పైకి చదువుకుంటుంటే ఆవులు తలెత్తి వినేవి. ఇంటికెవరొచ్చినా, విత్తనాలమ్మే కుర్రవాడైనా సరే, కూర్చోబెట్టి వినిపించి పంపేవాడు.

అత్తని ఆయన క్షమించాడా అని నన్నడిగితే చెప్పలేను. ఆ మాట వాళ్ళ మధ్య ఎప్పుడూ రాలేదు. అప్పుడప్పుడూ ఆయనకి హఠాత్తుగా కోపం పొంగేది. ఒలుస్తున్న గింజలు వదిలేసి లేచిపోయేవాడు. ఆవిడ పిలిచేది కాదు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

ఆ కొమ్మ పెట్టిన దగ్గర్నుంచి అత్తకి కలలు ఆగిపోయాయి. మొద్దులా నిద్రపోతున్నానని సిగ్గుపడుతూ చెప్పేది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున నాన్న మామూలుకంటే ముందే లేచి, గంజి తాగుతున్న అత్త పక్కన చేరాడు. ముఖం అప్పుడే నీళ్ళలోంచి లేచినవాడిలా ఉంది.

"రాత్రి వచ్చాడక్కా," అన్నాడు. "నా దగ్గరికి."

అత్త చెంచా గిన్నెలో పెట్టేసింది. "చెరకులోనా?"

"కాదు. ఇక్కడే. గుమ్మంలోంచి వంగి లోపలికొచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. ఎండలో చాలా దూరం నడిచొచ్చినట్టు."

"ఏమన్నాడు?"

"మంచినీళ్ళడిగాడు. ముంచి ఇచ్చాను. తాగాడు. ఇంకో ముంత అడిగాడు. అదీ ఇచ్చాను."

అత్త ముందుకు వంగి మెల్లిగా అడిగింది. "ఏ చేత్తో పుచ్చుకున్నాడు?"

నాన్న కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకున్నాడు.

"రెండు చేతులతో. కొడుకు దగ్గర పుచ్చుకున్నట్టు కాదు, పెద్దవాళ్ళ దగ్గర పుచ్చుకున్నట్టు. నాకే సిగ్గేసింది."

"అయితే ఆయనే," అంది అత్త. "చిన్నపిల్ల ఇచ్చినా అట్లాగే పుచ్చుకునేవాడు. గంజి తాగు, చల్లారిపోతోంది."